పదేళ్ళ వీసా, ఆరు నెలల బస: అమెరికా వెళ్ళే తల్లిదండ్రులకు అపోహలు - వాస్తవాలు

విజయవాడలో మేము నడిపే ట్రావెల్, వీసా కార్యాలయానికి వచ్చే పెద్దల్లో ఎక్కువ మంది కూతురి పురుటికో, కొడుకు కొత్త ఇంటి గృహప్రవేశానికో అమెరికా ప్రయాణం కట్టేవారే. వీసా వచ్చేంత వరకు నిద్రపట్టని ఆ దంపతులే, అది చేతికి అందిన మరునాటి నుంచి ఇక అడగవలసినదేమీ లేదన్న నిశ్చింతలో పడిపోతారు. నిజానికి వీసా ఇంటర్వ్యూలో జరిగే పొరపాట్ల కన్నా, వీసా వచ్చిన తరువాత జరిగే పొరపాట్ల వల్ల నష్టపోయినవారినే నేను ఎక్కువగా చూశాను. అందుకే ఒక్క అపోహ గురించి వివరంగా చెప్పి, తక్కినవాటిని క్లుప్తంగా ప్రస్తావిస్తాను.

అపోహ: వీసా పదేళ్ళకు ఇచ్చారు కనుక, ఆ పదేళ్ళలో అక్కడ ఎన్నాళ్ళైనా ఉండవచ్చు.

వాస్తవం: ఉండకూడదు. పాస్‌పోర్టులో అంటించిన వీసా కాగితం మీద జారీ చేసిన తేదీ, గడువు తీరే తేదీ ఉంటాయి. ఎంట్రీస్ అన్నచోట ఉండే ‘ఎం’ అక్షరానికి ఎన్నిసార్లయినా వెళ్ళవచ్చని అర్థం. ఆ రెండు తేదీల మధ్య ఏ రోజైనా అమెరికా విమానాశ్రయంలో దిగి లోపలికి అనుమతి కోరే అర్హతను మాత్రమే ఆ వీసా ఇస్తుంది. ఎన్నాళ్ళు ఉండవచ్చో దాని మీద ఎక్కడా రాసి ఉండదు. దాన్ని నిర్ణయించేది, దిగిన విమానాశ్రయంలో మీ వేలిముద్రలు తీసుకుని నాలుగు ప్రశ్నలు అడిగే సీబీపీ (అమెరికా కస్టమ్స్, సరిహద్దు రక్షణ విభాగం) అధికారి. ఆయన నిర్ణయం ఐ-94 అనే రికార్డులో నమోదవుతుంది. సందర్శకులకు ఇచ్చే బీ2 వీసా మీద వెళ్ళినవారికి సాధారణంగా ఆరు నెలలు ఇస్తారు. తగిన కారణం ఉంటే తక్కువ కూడా ఇవ్వవచ్చు.

ఒకప్పుడు ఈ ఐ-94 తెల్లటి కార్డు రూపంలో ఉండేది. పాస్‌పోర్టులో దాన్ని పిన్ను కొట్టి ఇచ్చేవారు కనుక పేజీ తిప్పినప్పుడల్లా తేదీ కంటపడేది. 2013 నుంచి విమాన ప్రయాణికులకు అది ఎలక్ట్రానిక్ రికార్డుగా మారింది. ఇటీవల చాలా చోట్ల పాస్‌పోర్టు మీద ముద్ర వేయడం కూడా మానేశారు. పైగా మన పెద్దల్లో అనేకులు భాష ఇబ్బంది వల్ల వీల్‌చెయిర్ సహాయం తీసుకుని వెళతారు. తోడుగా వచ్చిన మనిషి తొందరలో అధికారి చెప్పిన మాట చెవిన పడదు, పడినా అర్థం కాదు. ఇంటికి చేరాక చూసుకుంటే పాస్‌పోర్టులో కనిపించే తేదీ ఒక్కటే, అది వీసా గడువు తేదీ. అపోహ పుట్టేది అక్కడే.

కనుక ఇల్లు చేరిన మొదటి రెండు మూడు రోజుల్లోనే సీబీపీ వారి ఐ-94 వెబ్‌సైటులో పాస్‌పోర్టు వివరాలు ఇచ్చి, ‘అడ్మిట్ అన్‌టిల్ డేట్’ అన్న వరుసలో ఏముందో చూసి, ప్రింటు తీసుకోవాలి. ఇద్దరు వెళితే ఇద్దరివీ విడివిడిగా తీయాలి. మార్చి 15న దిగినవారికి సాధారణంగా సెప్టెంబరు 14 అని ఉంటుంది. 180 రోజులని వేళ్ళ మీద లెక్కించడం కన్నా అక్కడున్న తేదీని చదవడమే క్షేమం. ఆ తేదీ పొరపాటుగా నమోదైందని అనిపిస్తే, పెద్ద విమానాశ్రయాల దగ్గర ఉండే సీబీపీ డిఫర్డ్ ఇన్‌స్పెక్షన్ కార్యాలయాన్ని వెంటనే సంప్రదించాలి. నాలుగు నెలల తరువాత గుర్తుకు తెచ్చుకుంటే లాభం ఉండదు.

తెనాలి ప్రాంతం నుంచి వచ్చిన ఒక విశ్రాంత ఉపాధ్యాయ దంపతుల ఉదంతం చెబుతాను. ఇద్దరూ ఒకే విమానంలో వెళ్ళారు, ఒకే కౌంటరు దగ్గర నిలబడ్డారు. ఆవిడకు ఆరు నెలలు ఇచ్చారు. ఆయన పాస్‌పోర్టు గడువు అప్పటికి నాలుగు నెలలే మిగిలి ఉండడంతో, ఆయన ఐ-94ను అధికారి ఆ గడువు తేదీ వరకే ఇచ్చారు. పాస్‌పోర్టు గడువు దాటి బస ఇవ్వకపోవచ్చన్న సంగతి వారికి తెలియదు. కొడుకు అక్కడి భారత కాన్సులేటు ద్వారా తండ్రి పాస్‌పోర్టును రెన్యూవల్ చేయించి, సమస్య తీరిపోయిందనుకున్నాడు. పాస్‌పోర్టు కొత్తదైనంత మాత్రాన ఐ-94 తేదీ దానంతటది పెరగదు. తల్లి ఐ-94లో ఉన్న తేదీనే ఇద్దరిదీ అనుకుని, ఇద్దరూ ఆ తేదీకి వారం ముందు తిరుగు ప్రయాణమయ్యారు. ఆమె సకాలంలో వచ్చినట్టు, ఆయన దాదాపు రెండు నెలలు గడువు మీరినట్టు.

రెండో మనవడు పుట్టబోతున్నాడని టికెట్ల కోసం మా దగ్గరకు వచ్చినప్పుడు, పాత కాగితాలు తిరగేస్తుంటే ఆయన ఐ-94 ప్రింటు బయటపడింది. ఆయన అద్దాలు సర్దుకుని ఆ తేదీని రెండు సార్లు చదివి, ‘మరి వీసా ఇంకా ఏడేళ్ళు ఉంది కదండీ’ అన్నారు. గడువు ఒక్క రోజు దాటినా ఆ వీసా చట్టం ప్రకారం రద్దయినట్టే, కాగితం మీద ఎన్నేళ్ళు మిగిలి ఉన్నా సరే. మళ్ళీ దరఖాస్తు చేసి, జరిగింది జరిగినట్టు రాసి, ఇంటర్వ్యూకు వెళ్ళవలసిందే. ఆ పురుటికి ఆవిడ ఒక్కరే వెళ్ళారు. జీవితమంతా నియమం తప్పకుండా బతికిన మనిషి, తాను చట్టం మీరినవారి లెక్కలో చేరానని విన్నప్పుడు పడిన బాధ చూశాక, ఈ విషయాన్ని టికెట్ తీసుకునే ప్రతి ఒక్కరికీ కూర్చోబెట్టి చెప్పడం నా పనిలో భాగం చేసుకున్నాను.

ఇంతకన్నా పెద్ద ఆపద కూడా ఉంది. గడువు మీరి 180 రోజులకు పైగా ఉండి వెళ్ళిపోతే మూడేళ్ళు, ఏడాది లేదా అంతకు మించి ఉంటే పదేళ్ళు తిరిగి రావడానికి నిషేధం వర్తిస్తుంది. కొడుకు హెచ్1బీ మీద ఉన్నాడా, గ్రీన్‌కార్డు ఉందా అన్నదానితో తల్లిదండ్రుల ఐ-94కు సంబంధం లేదు.

నిజంగా ఇంకొంత కాలం ఉండవలసి వస్తే దారి ఉంది. ఐ-94 గడువు తీరకముందే, వీలైతే కనీసం 45 రోజుల ముందు, అమెరికా వలస సేవల విభాగమైన యూఎస్‌సీఐఎస్‌కు ఐ-539 దరఖాస్తు పెట్టి, కారణాన్ని, ఖర్చులు భరించగల ఆధారాన్ని చూపించాలి. రసీదును జాగ్రత్త చేసుకోవాలి. తిరస్కరిస్తే మాత్రం ఇంకొక్క వారం అనకుండా బయలుదేరాలి. శస్త్రచికిత్స వంటి గట్టి కారణం ఉన్నవారికి ఇది ఉపయోగపడే ఏర్పాటే. చలికాలం కూడా చూసి వెళదామన్న ముచ్చటకు దీన్ని వాడుకోవద్దని నా సలహా.

నయాగరా చూడడానికి వెళ్ళి కెనడా వైపు అడుగుపెట్టి వస్తే మళ్ళీ ఆరు నెలలు మొదలవుతాయన్న వదంతిని వాట్సాప్‌లో ఎవరు పుట్టించారో గానీ, దానిని నమ్మినవారిని చూస్తే ఓపిక నశిస్తుంది. 30 రోజుల లోపు కెనడా వెళ్ళి వచ్చినవారిని సాధారణంగా పాత ఐ-94లో మిగిలిన గడువుకే తిరిగి రానిస్తారు. కెనడాకు వేరే వీసా కావాలన్నది సరేసరి. అలాగే, ఆరు నెలలు ఉన్నవారు మరో ఆరు నెలలు ఇండియాలో ఉంటే చాలు, తప్పక రానిస్తారన్న నియమం కూడా ఎక్కడా లేదు. ఏటా సగం కాలం అక్కడే గడుపుతుంటే, వచ్చింది చూసి పోవడానికా, ఉండిపోవడానికా అని అధికారి అడుగుతారు. అడిగే హక్కు ఆయనకుంది.

ఇక తక్కినవి. ఇంగ్లీషు రాకపోతే వీసా ఇవ్వరన్నది అబద్ధం. హైదరాబాద్ కాన్సులేటులో తెలుగులోనే ఇంటర్వ్యూ ఇవ్వవచ్చు. బ్యాంకులో ఇరవై లక్షలు చూపిస్తే చాలన్నదీ అబద్ధమే. ఆ ఇంటర్వ్యూలో ఫైలు తెరిచి చూడడం అరుదు. తిరిగి వస్తారన్న నమ్మకం మీ సమాధానాల వల్ల, వీసా దరఖాస్తు ఫారమైన డీఎస్-160లో రాసిన వివరాల వల్ల కలగాలి. ఆ ఫారం ఎవరు నింపినా, అందులో ఏముందో మీకు తెలియాలి. అప్పు చేసి ఖాతా నింపవద్దు.

పాత పాస్‌పోర్టులో వీసా ఉండి పాస్‌పోర్టు గడువు తీరితే వీసా పోదు. వీసా పేజీ చెడకుండా ఉంటే, పాతదీ కొత్తదీ రెండూ వెంట తీసుకువెళ్ళాలి.

సామాను విషయంలో, ఆవకాయ వంటి నూనె పచ్చళ్ళకు సాధారణంగా అభ్యంతరం ఉండదు. కోడి పచ్చడి, మటన్ పచ్చడి తీసుకువెళ్ళకూడదు. పచ్చి కరివేపాకు అసలే వద్దు. నిమ్మ, నారింజ తోటలను నాశనం చేసే పురుగు దానితో పాటు వస్తుందని అక్కడ నిషేధించారు. ఏది ఉన్నా అడిగినప్పుడు ఉందని చెప్పాలి. చెప్పినదాన్ని తీసేసుకుంటే పచ్చడి మాత్రమే పోతుంది. దాచినది దొరికితే జరిమానా 10,000 డాలర్ల వరకు ఉండవచ్చు.

ఆరోగ్య బీమా గురించి ఒక్క మాట. కొడుకు కంపెనీ ఇచ్చే బీమాలో తల్లిదండ్రులు సాధారణంగా చేరరు. విజిటర్ పాలసీ విడిగా తీసుకోవాలి. బీపీ, షుగరు, గుండె జబ్బు ఉన్నవారు చవకైనదాన్ని చూసి తీసుకోకుండా, పాత జబ్బు ఒక్కసారిగా తిరగబెడితే బీమా కంపెనీ ఇచ్చే మొత్తం ఎంతో, ఏ వయసు వరకో పాలసీ పత్రంలో చదివి తీసుకోవాలి. రోజూ వేసుకునే మందులను డాక్టరు చీటీతో, అమ్మిన స్ట్రిప్పుల్లోనే ఉంచి, చేతి సంచిలో పెట్టుకోవాలి. చెక్-ఇన్ పెట్టె ఒక రోజు ఆలస్యంగా వచ్చినా ఇన్సులిన్ ఆగకూడదు.