కణత మీద కిటికీ

సంగం దగ్గర పెన్నా కాలువ గట్టు మీద నిలబడి నీళ్లలో ఒక గడ్డిపరక వేస్తే, అది సాగిపోయే తీరును బట్టి వేగం తెలుస్తుంది. వేగం తెలిసినంత మాత్రాన ఎన్ని నీళ్లు వస్తున్నాయో తెలిసినట్టు కాదు. పూడికతో కాలువ ఇరుకైన చోట నీళ్లు పరుగులు పెడతాయి, చివరి మడి మాత్రం ఎండుతుంది. మెదడు రక్తప్రసరణను కొలవడంలోనూ చిక్కు ఇక్కడే ఉంది.

శరీరం బరువులో మెదడు 2 శాతమే అయినా, దానికి నిమిషానికి సుమారు ముప్పావు లీటరు రక్తం కావాలి. వంద గ్రాముల మెదడుకు లెక్కవేస్తే నిమిషానికి 50 మిల్లీలీటర్లు. అది 20కి దిగితే మాట, చెయ్యి పడిపోతాయి. 10కి దిగితే కణాలే చచ్చిపోతాయి.

1982లో రూనే ఆస్లిడ్ అనే పరిశోధకుడు, ఆయన తోటివారు కణత దగ్గరి పలుచని ఎముక గుండా 2 మెగాహెర్ట్జ్ అల్ట్రాసౌండ్ (చెవికి వినిపించని ధ్వని) పంపి, కదిలే రక్తకణాల నుంచి తిరిగొచ్చిన ధ్వనిలోని తేడాతో ధమనిలో రక్తం వేగాన్ని కనుక్కున్నారు. ఇది మన గడ్డిపరక. ధమని ఎంత వెడల్పుందో అది చెప్పదు. కొందరికి కణత ఎముక మందంగా ఉండి ఆ కిటికీ అసలు తెరుచుకోదు.

కాంతి దారి వేరు. చీకట్లో టార్చిలైటుకు అరచెయ్యి అడ్డం పెడితే వేళ్లు ఎర్రగా వెలుగుతాయి కదా! కంటికి కనిపించని పరారుణ కాంతి అంతకంటే లోపలికి, పుర్రె దాటి, మెదడు పైపొర దాకా వెళ్తుంది. లేజరు కాంతి చెదిరి తిరిగివచ్చేటప్పుడు మచ్చమచ్చలుగా మిణుకుమంటుంది. రక్తం చురుకుగా పారితే మిణుకు కూడా చురుకవుతుంది. పెద్ద ధమనిలో కాదు, చివరి మడిలో పారకం ఎలా ఉందో చెప్పేది ఇదే. అందుకే నాకు ఈ పద్ధతి మీద అంత ఆశ.

అయితే ఆ కాంతి నెత్తి చర్మంలోని రక్తం కబురు కూడా కలిపి మోసుకొస్తుంది. దీనికి దొరికిన ఉపాయం ఎంతో అందమైనది. లోపల ఒక చోట అల్ట్రాసౌండ్‌ను కేంద్రీకరిస్తే, అక్కడి గుండా వెళ్లిన కాంతి పౌనఃపున్యం, అంటే సెకనుకు కంపనాల సంఖ్య, కొద్దిగా మారుతుంది. మన గొర్రెల కాపరులు మందలో తమ జీవాలకు రంగు పూసి గుర్తుపెట్టినట్టే. ఆ గుర్తున్న కాంతినే ఏరుకుంటే లోపలి సంగతి విడిగా దొరుకుతుంది.

ఉదయగిరి నుంచి నెల్లూరు పెద్దాసుపత్రికి దాదాపు వంద కిలోమీటర్లు. పక్షవాతం రోగికి మెదడు నాళంలో రక్తపు గడ్డ అడ్డుపడిందా, నాళం చిట్లిందా అన్నది సీటీ లాంటి స్కానే తేల్చాలి. గడ్డ కరిగించే మందు సాధారణంగా నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. కాబట్టి మూతి వంకరపోగానే, తెల్లవారే దాకా ఆగకుండా 108కి ఫోను చేయాల్సిందే. స్కాను ఆ ఒక్క క్షణాన్నే చూపిస్తుంది. ఆ తర్వాత మంచం పక్కన రాత్రంతా, సూది గుచ్చకుండా, రోగిని కదపకుండా పారకాన్ని కనిపెట్టి ఉండే పని ఈ కాంతికీ ధ్వనికీ అప్పగించవచ్చు.