కఠ్‌పుత్లీ కాలనీ: ఒప్పందంలో ఇళ్ళున్నాయి, పనిచోటు లేదు

పశ్చిమ ఢిల్లీలో బొమ్మలాట, ఇతర వీధి కళాకారులు బతికిన బస్తీ కఠ్‌పుత్లీ కాలనీ వాసులకు ఇవ్వవలసిన ఇళ్ళ సంగతి చర్చకు వచ్చిన ప్రతిసారీ 2017 అక్టోబరు 30న బస్తీపైకి బుల్‌డోజర్లు వచ్చిన దృశ్యాలే కళ్ళముందు నిలుస్తాయి. నేటి తగాదాకు బీజం మాత్రం అంతకు ఎనిమిదేళ్ళ ముందే, 2009లో ఢిల్లీ అభివృద్ధి సంస్థ రహేజా డెవలపర్స్ అనే ప్రైవేటు నిర్మాణ సంస్థతో కుదుర్చుకున్న ఒప్పందంలోనే పడింది.

2005 డిసెంబరు 31న మెట్రో రైలు ఈ బస్తీ ఉన్న షాదీపూర్ మీదుగా నడవడం మొదలయ్యాక, అక్కడి బస్సు డిపో పక్కనున్న ఈ ఐదు హెక్టార్ల పైచిలుకు ప్రభుత్వ భూమికి వచ్చిన విలువ అందరికీ తెలిసిందే. అందులో కొంత భాగంలో ఆ నిర్మాణ సంస్థ బస్తీవాసులకు 2,800 ఇళ్ళు కట్టి ఇచ్చి, మిగిలిన భాగంలో 54 అంతస్తుల ఖరీదైన నివాస భవనాన్నీ, వాణిజ్య సముదాయాన్నీ కట్టి అమ్ముకోవడం ఒప్పందంలోని ఏర్పాటు. మురికి కాలువల మధ్య బతుకుతున్నవారికి ఉన్నచోటే పక్కా ఇల్లు దక్కుతుందని అధికారులు చెప్పారు. ఆ మాటలో నిజం లేకపోలేదు.

అయితే ఆ బస్తీ నివాసం మాత్రమే కాదు, కార్ఖానా కూడా. రాజస్థాన్ నుంచి వచ్చిన, బొమ్మలాటే వృత్తిగా గల భాట్‌లు గుమ్మాల ముందు కూర్చొని మామిడి కర్రను ఉలితో చెక్కి బొమ్మ తల తీర్చేవారు. రంగు వేసిన తలలు అక్కడే ఎండేవి, ఆడవాళ్ళు పాత బట్టలతో బొమ్మలకు పొడుగు పావడాలు కుట్టేవారు. కాళ్ళు లేని ఆ బొమ్మ గిర్రున తిరిగినప్పుడు, కాళ్ళు లేవన్న సంగతిని చూసేవాడికి తెలియనివ్వనిది ఆ పావడాయే. ఇంద్రజాలికులు, దొమ్మరి విద్యలవారు, డోలు వాయించేవారు అదే సందుల్లో సాధన చేసేవారు. సంగీత నాటక అకాడమీ పురస్కారం అందుకున్న పూరన్ భాట్ ఈ బస్తీ మనిషే.

ప్రభుత్వం వీళ్ళను ఎన్నడూ ఒకే కంటితో చూడలేదు. 1985లో అమెరికాలో జరిగిన భారత ఉత్సవాలకు ఢిల్లీ వీధి కళాకారులను సగౌరవంగా పంపింది. అదే కాలంలో, 1959 నాటి బొంబాయి భిక్షాటన నిరోధక చట్టం ఢిల్లీలోనూ అమల్లో ఉండి, వీధిలో పాడి, ఆడి, ప్రదర్శన ఇచ్చి డబ్బు అడగడాన్ని బిచ్చమెత్తడంగానే లెక్కగట్టింది. ఆ చట్టంలోని కీలక నిబంధనలను ఢిల్లీ హైకోర్టు 2018 ఆగస్టులో గాని కొట్టివేయలేదు. చట్టం దృష్టిలో కళ వృత్తే కానప్పుడు, 2009 ఒప్పందం కుటుంబాలను లెక్కపెట్టి పనిచోటును వదిలేయడంలో ఆశ్చర్యం లేదు.

తరవాతి గొడవలన్నీ ఈ లోపం నుంచే పుట్టాయి. 2014లో ఆనంద్ పర్బత్ తాత్కాలిక శిబిరానికి తరలింపు మొదలైనప్పుడు కొన్ని వందల కుటుంబాలు వెళ్ళాయి, ఎక్కువమంది కదలలేదు. ఒప్పందం పూర్తి పాఠం తమకు చూపలేదని, కుటుంబాలు 2,800 కంటే ఎక్కువ ఉన్నాయని, అంతస్తుల్లో గదులకు బదులు నేల మీద స్థలాలిస్తే తామే కట్టుకుంటామని వారు పదేపదే చెప్పారు. ప్రదర్శనలో కట్టుకొని నడిచే, నిలువెత్తుకు మించిన వెదురు కాళ్ళు, పెద్ద డోళ్ళు, బొమ్మల మూటలు మెట్లదారిలో ఎలా ఎక్కించాలన్న వారి ప్రశ్నను మొండితనంగా కొట్టిపారేయడం అన్యాయం. 2016 డిసెంబరులో పోలీసులు బస్తీలో మోహరించారు. మరుసటి ఏడాది కూల్చివేత జరిగింది. అర్హత పత్రాలు సరిపోనివారిలో కొందరికి ఊరి చివర నరేలాలో ఇళ్ళు చూపారు. పెళ్ళి ఊరేగింపులకూ, హోటళ్ళ ప్రదర్శనలకూ పిలుపందుకొని బతికే కళాకారుడికి నరేలా నుంచి నగరంలోకి రానుపోను ఖర్చే సంపాదనలో పెద్ద భాగాన్ని మింగేస్తుంది.

కొద్దికాలమే అని చెప్పి చేర్చిన శిబిరంలో ఏళ్ళు గడిచాయి. ఇప్పుడు చర్చంతా ఇళ్ళ అప్పగింత తేదీ చుట్టూ తిరుగుతోంది. అప్పగించే ఆ ఇళ్ళ పక్కన బొమ్మలు చెక్కుకోవడానికీ, డోలు వాయించుకోవడానికీ ఒక చోటు ఉంటుందా అన్నది కూడా తేదీతో పాటే తేలవలసిన విషయం.