వలిసె పూల మీద తేనెటీగ ఏం చేస్తోంది? అపోహలు - వాస్తవాలు

అరకు దాటి పాడువా, నందపూర్, సెమిలిగుడ వైపు వెళ్తుంటే ఆంధ్ర ఎక్కడ అయిపోయిందో, ఒడిశా ఎక్కడ మొదలైందో పూలను చూసి చెప్పలేం. వానలు వెనకపట్టాక కొండవాలంతా పసుపే. వలిసెలు, అదే గడ్డినువ్వులు, నూనెగింజ పంట. ఆ గట్ల మీద తేనె పెట్టెలు పెట్టుకుని బతికేవాణ్ని నేను. రెండు పక్కలా వినే మాటలు మాత్రం ఒకటే.

అపోహ: ఈగలు పూల సారం పీల్చేస్తే గింజ తాలు పోతుంది.

పాడువా వైపు ఒక పెద్దాయన "బాబూ, నీ ఈగలు మా పూలను పిండేస్తున్నాయి, పెట్టెలు తీసెయ్" అన్నాడు. వాదించలేదు. ఆయన పొలంలోనే, మొగ్గ మీదున్న నాలుగు మొక్కలకు పాత దోమతెర కప్పాం. కోతలప్పుడు ఆ ఎండిన పూల తలలను అరచేతిలో నలిపి ఊదితే దాదాపు అంతా పొట్టే, ఎగిరిపోయింది. పక్క మొక్కల్లో నల్లగా నిగనిగలాడే గింజలు. ఆ తర్వాత ఆయన పెట్టెల మాట ఎత్తలేదు.

వాస్తవం: వలిసె మొక్క తన పుప్పొడిని తాను ఒప్పుకోదు. ఇంకో మొక్కది రావాలి. పుప్పొడి జిగటగా ఉంటుంది కాబట్టి గాలిని నమ్ముకుని లాభం లేదు.

ఒకసారి పూవు దగ్గర కూర్చుని చూడండి. మనం ఒక పూవు అనుకునేది పూల గుంపు. చుట్టూ రేకులు, మధ్య బొడ్డులో పదుల కొద్దీ బుల్లి పూలు. అంచు నుంచి లోపలికి, రోజుకు కొన్ని చొప్పున విచ్చుకుంటాయి. ప్రతి బుల్లి పూవూ ముందు పుప్పొడిని బయటికి నెడుతుంది, తర్వాతే దాని కీలాగ్రం, అంటే పుప్పొడిని అందుకునే కొస, రెండుగా చీలుతుంది. అంటే ఒకే బొడ్డులో ఇచ్చేవీ పుచ్చుకునేవీ పక్కపక్కనే ఉంటాయి. ఈగ వాటి మీద గానుగెద్దులా గుండ్రంగా తిరిగి, పొట్టకు పసుపు పూసుకుని పక్క మొక్కకు ఎగురుతుంది. నూనె పని గానుగలో కాదు, అక్కడే మొదలవుతుంది.

అపోహ: కాళ్లకు పుప్పొడి ముద్దలున్న ఈగలే పనికొస్తాయి.

తిరగేసి చెప్పాలి. కాలి బుట్టలో తేనెతో తడిపి నొక్కిన పుప్పొడి పిల్లల మేతకు పోతుంది, పూవుకు దక్కేది తక్కువ. ఒంటి వెంట్రుకలకు అంటుకున్నదే గింజ కట్టిస్తుంది. మకరందానికి వచ్చిన ఈగ ఒంటికీ అది అంటుతుంది.

అపోహ: పొద్దున్నే పూల మీద ఈగ లేదంటే పెట్టె నీరసంగా ఉన్నట్టు.

ఇక్కడి చలికి మనమే దుప్పటి వదలం. మంచు విడి, ఎండ తగిలాక చూడండి. పురుగుమందు తప్పదనుకుంటే ఈగలు ఇల్లు చేరాక, సాయంత్రమే కొట్టండి.

అపోహ: పెట్టెలు ఎంత ముందు తెస్తే అంత మంచిది.

ఈగకు ఒక పూవు అలవాటైతే దాని వెంటే తిరుగుతుంది. వలిసె ఇంకా మొగ్గ మీదుండగా తెస్తే వాగు ఒడ్డు కలుపు పూలకు మరుగుతుంది. పదో వంతు పూశాక తెస్తాను నేను. మన పుట్ట తేనెటీగ ఎక్కువగా కిలోమీటరు లోపే మేస్తుంది, కాబట్టి పొలం పక్కనే పెట్టాలి.

అపోహ: పెట్టెను ఈ గట్టు మీంచి ఆ గట్టుకు ఎప్పుడైనా మార్చుకోవచ్చు.

నేనూ అలాగే అనుకున్నా. ఫొటోల కోసం చేలో దిగేవాళ్ల గోల పడలేక ఒక మధ్యాహ్నం పెట్టెను యాభై అడుగుల అవతలికి మార్చాను. మేతకెళ్లిన ఈగలు పెట్టెను కాదు, చోటును గుర్తుపెట్టుకుంటాయి. సాయంత్రానికి పాత రాయి మీద గుప్పెడు ఈగలు ముద్దగా పట్టుకుని ఉన్నాయి. తెల్లారేసరికి చలికి సగం కింద రాలిపోయాయి. ఇప్పుడు మార్చాలంటే రోజుకు రెండు మూడు అడుగులు జరుపుతా. లేదా రాత్రి గుమ్మం మూసి మూడు కిలోమీటర్లు దాటించేస్తా.