అలలా లేచిన ఇటుక గోడ

పిల్లలూ,

మొన్న నేను చూపించిన ఫొటోలో ఆ చర్చి గోడని చూసి మీలో చిన్నది ఒక మాట అడిగింది. "గోడ అంత వంకరగా పోయిందేంటి తాతయ్యా, మేస్త్రీ దారం కట్టుకోలేదా?" అని. బతుకంతా ఇటుక పని దగ్గర గడిపినవాణ్ణి, ఆ ప్రశ్నకి రెండు ముక్కల్లో జవాబు చెప్పి ఊరుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. అందుకే ఈ ఉత్తరం. ముందు ఒక్కటి చెప్పేస్తాను. ఆ మేస్త్రీలు దారం కట్టుకున్నారు. మామూలు గోడకి కట్టేదానికంటే చాలా ఎక్కువే కట్టుకున్నారు.

ఆ చర్చి దక్షిణ అమెరికాలో, ఉరుగ్వే దేశంలో ఉంది. రాజధాని మాంటెవిడియోకి 45 కిలోమీటర్ల దూరం. అక్కడ తీరాన అట్లాంటిడా అని జనం సెలవులకి వెళ్ళే ఊరు ఒకటుంది. ఒడ్డు నుంచి కాస్త లోపలికి వస్తే రైల్వే స్టేషన్, దాని చుట్టూ పెరిగిన పల్లె. పల్లె పేరు కూడా అదే, ఎస్టాసియోన్ అట్లాంటిడా, అంటే అట్లాంటిడా స్టేషన్. రెక్కల కష్టం మీద బతికేవాళ్ళ ఊరు. వాళ్ళ కోసం కట్టిన గుడి కాబట్టి దానికి 'కార్మికుడైన క్రీస్తు' అని పేరు పెట్టి, లూర్దు మాత పేరు కూడా జత చేశారు. 1958లో పని మొదలైంది, 1960లో గుడి తలుపులు తెరిచారు.

కట్టినాయన పేరు ఎలాడియో డియస్తే. 1917లో పుట్టి 2000లో పోయారు. ఆయన ఇంజనీరు, ఆర్కిటెక్టు కాదు. అప్పటిదాకా ఆయన చేతిలో ఎక్కువగా పడ్డవి గోదాములు, ఫ్యాక్టరీ షెడ్లు. కానీ గట్టి విశ్వాసం ఉన్న కాథలిక్కు. పేదవాళ్ళ గుడే కదా, ఓ షెడ్డు వేసి పైన సిలువ నిలబెడితే సరిపోతుందిలే అనుకునే మనిషి కాదు. అలాగని డబ్బు కుమ్మరించే వీలూ లేదు. గోదాముకి వాడే ఇటుకే, గోదాము కట్టే మేస్త్రీలే. వాటితోనే ఆయన ఏం చేశారో చూడండి.

ఒక పని చేయండి. మీ నోటుపుస్తకంలో ఒక కాగితం చింపి బల్ల మీద నిలువుగా నిలబెట్టండి. నిలవదు, వాలిపోతుంది. అదే కాగితాన్ని అటూ ఇటూ వంచి అలలాగా చేసి నిలబెట్టండి. నిలుస్తుంది. పైన తేలికపాటి పుస్తకం పెట్టినా మోస్తుంది. కాగితం మందం పెరగలేదు, బరువు పెరగలేదు. మారింది ఆకారం ఒక్కటే. ఆ చర్చి గోడ మందం 30 సెంటీమీటర్లు, ఎత్తు 7 మీటర్లు. తిన్నగా కడితే, పైకప్పు తోపుడికి అంత ఎత్తు గోడ ఆగాలంటే పక్కన ఆనుడు దిమ్మెలైనా కట్టాలి, గోడనైనా బాగా లావు చేయాలి. డియస్తే గోడనే వంచారు.

ఇంకా లోతుగా చూడండి. గోడ నేల దగ్గర వంకరగా లేదు, తిన్నటి గీతలాగే మొదలవుతుంది. ఒక్కో వరస పైకి లేచేకొద్దీ కొంచెం కొంచెంగా అల పడుతుంది. కప్పు కూర్చునే చోటికి వచ్చేసరికి పెద్ద అలవుతుంది. ఎందుకంటే కప్పు గోడని బయటికి వంచాలని చూసేది ఆ పైభాగంలోనే. బలం ఎక్కడ ఎక్కువ కావాలో అక్కడే వంపు ఎక్కువ. నా లెక్కలో ఆ గోడ మొత్తానికి ఇదే ప్రాణం. పైనుంచి కిందిదాకా ఒకేలా వంచి ఉంటే అది ఉత్త సోకు అయ్యేది.

ఇక దారం సంగతి. నేల మీద తిన్నటి గీత, 7 మీటర్ల ఎత్తున చెక్కతో చేసిన అల. కింది గీత నుంచి పై అల దాకా దగ్గర దగ్గరగా తీగలు బిగించి కట్టారు. ఒక్కో తీగ బాణంలా తిన్నగా ఉంటుంది. పక్క తీగ దానికంటే కాస్త వాలుగా ఉంటుంది, దాని పక్కది ఇంకాస్త. అన్నీ తిన్నటివే, కలిపి చూస్తే మాత్రం వంపు! మేస్త్రీ తన ముందున్న తీగని అనుసరించి ఇటుక పేర్చుకుంటూ పోవడమే. పెద్ద లెక్కలు రాని మనిషి కూడా తాపీ చేతబట్టి అంత కష్టమైన ఆకారాన్ని తప్పులేకుండా కట్టగలిగాడంటే కారణం అది. ఇటుకల సందుల్లో సన్నటి ఇనుప ఊచలు పెట్టి మాలుతో నింపారు. నొక్కితే ఇటుక ఎంతైనా ఓర్చుకుంటుంది, లాగితే విడిపోతుంది. లాగుడుని ఊచలు పట్టుకుంటాయి.

కప్పు కూడా ఇటుకే. లోపల ఒక్క స్తంభం లేదు. దాదాపు 16 మీటర్ల వెడల్పు, 30 మీటర్ల పొడవు ఉన్న ఒకే హాలు. ఒక గొలుసుని రెండు చేతులతో రెండు కొసలు పట్టుకుని వేలాడదీయండి. ఆ గొలుసులో ఉండేది లాగుడు ఒక్కటే. ఆ ఆకారాన్ని అలాగే తలకిందులు చేస్తే నొక్కుడు ఒక్కటే ఉండే కమాను వస్తుంది. ఇటుకకి కావలసింది అదే. అలాంటి కమానులు ఒకదాని పక్కన ఒకటి, ఒకటి లేచి ఒకటి దిగి, కప్పంతా అలలుగా సాగుతుంది. పొడవునా ఉన్న ఆ అల లేకపోతే అంత పల్చటి కప్పు ఎక్కడో ఒకచోట నలిగి కుంగేది. కమాను కాళ్ళు బయటికి జారకుండా పట్టే ఇనుము కిందికి కనబడదు, కప్పు పల్లాల్లో దాగి ఉంటుంది.

లోపలికి వెళ్తే మొదట కాస్త మసక. గోడల్లో అక్కడక్కడ చిన్న చిన్న సందులు, వాటికి రంగు అద్దాలు. వెలుగు ఆ ఇటుక ఎరుపు మీద చుక్కలుగా పడుతుంది. బలిపీఠానికీ జనానికీ మధ్య అడ్డుగోడ లేదు. పూజలో జనం దూరంగా కూర్చుని చూసేవాళ్ళు కాదు, కలిసి పాల్గొనేవాళ్ళు అని రెండవ వాటికన్ మహాసభ, అంటే ప్రపంచంలోని కాథలిక్కు బిషప్పులందరి సభ, గట్టిగా చెప్పింది. ఆ సభ 1962లో మొదలైంది. ఈ గుడి అప్పటికి రెండేళ్ళ ముందే సిద్ధమైంది. డియస్తే మీద నాకు గౌరవం ఇంకా పెరిగేది ఇక్కడే.

జ్ఞానస్నానం ఇచ్చే గది గుడి లోపల లేదు. బయట, గుడికి ఎదురుగా నిలబడితే ఎడమ వైపున, నేల కింద ఉంది. పైకి కనిపించేది మూడు మూలల ఇటుక కట్టడం, అదే దారి. మెట్లు దిగితే గుండ్రటి గది, నడినెత్తిన ఒక్క కన్నం నుంచి వెలుగు. స్నానం అయ్యాక బయటికి రానక్కర్లేదు, నేల కింద దారిలోనే నడిచి గుడిలోకి చేరుకోవచ్చు. జ్ఞానస్నానం పొందాకే సంఘంలోకి అడుగు పెట్టడం తొలినాటి క్రైస్తవుల పద్ధతి. నీళ్ళలోకి దిగడం క్రీస్తుతో చనిపోవడం, పైకి రావడం ఆయనతో లేవడం అని తొలినాటి క్రైస్తవ బోధకుడు పౌలు రాశాడు. దాన్ని డియస్తే మెట్లుగా, దారిగా కట్టేశారు.

తర్వాత 1967లో అదే దేశంలోని దురాజ్నో ఊళ్ళో శాన్ పెద్రో చర్చి తగలబడితే దాన్ని తిరిగి కట్టిందీ ఆయనే. దాని సంగతి ఇంకోసారి. అట్లాంటిడా గుడిని 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

కుడి వైపు ఉన్న గంట గోపురం గురించి మీలో ఎవరూ అడగలేదు. గుండ్రంగా లేచిన ఇటుక గొట్టం అది, గోడ నిండా కన్నాలే, గాలీ వెలుతురూ ఆరపార పోతాయి. లోపల మెట్లు చుట్టూ తిరుగుతూ పైకి పోతాయి. మామూలుగా అలాంటి మెట్లకి నడిమధ్యన ఒక స్తంభం ఉంటుంది. ఇక్కడ అది లేదు. ఒక్కో మెట్టూ ఒక కొస గోడలో పెట్టుకుని, రెండో కొస ఖాళీలోకి చాచి నిలబడింది. ఆ మెట్టు ఎందుకు విరగదో ఆలోచించి రాయండి. కాగితం, గొలుసు రెండూ చేసి చూశాకే రాయండి.

మీ తాతయ్య