పాల్ రోబ్సన్ పాస్‌పోర్టు: ఎనిమిదేళ్ల కట్టడి వెనుక కథ

అమెరికా సుప్రీంకోర్టు 1958 జూన్ 16న అయిదుగురు న్యాయమూర్తులు ఒక పక్క, నలుగురు మరో పక్క నిలిచిన తీర్పు ఒకటి వెలువరించింది. ఒక పౌరుడి నమ్మకాలను బట్టి, అతనికి ఎవరెవరితో సంబంధాలున్నాయన్న దాన్ని బట్టి పాస్‌పోర్టు నిరాకరించే అధికారాన్ని కాంగ్రెస్ (అమెరికా చట్టసభ) విదేశాంగ మంత్రికి ఇవ్వలేదన్నది దాని సారం. వాదులు చిత్రకారుడు రాక్‌వెల్ కెంట్, మానసిక వైద్యుడు వాల్టర్ బ్రీల్. అయితే ఆ తీర్పు కోసం అందరికన్నా ఆత్రంగా ఎదురుచూసిన మనిషి మరొకడున్నాడు. 1950 నుంచి దేశం దాటలేక, దేశంలో పని దొరకక నలిగిపోయిన పాల్ రోబ్సన్ అనే నటుడు, గాయకుడు ఆయన. ఒక కళాకారుడంటే ప్రభుత్వానికి అంత బెదురు ఎందుకు కలిగిందో తెలియాలంటే ఆయన జీవితాన్ని మొదటి నుంచీ చూడాలి.

రోబ్సన్ 1898 ఏప్రిల్ 9న న్యూజెర్సీ రాష్ట్రంలోని ప్రిన్స్‌టన్‌లో పుట్టాడు. తండ్రి ఉత్తర కరోలినాలో బానిసగా పుట్టి, పదిహేనేళ్ల ప్రాయంలో తోట నుంచి పారిపోయి, చదువుకుని చర్చి పాస్టరు అయినవాడు. కొడుక్కి ఆరేళ్లు నిండకముందే, ఇంట్లో పొయ్యి నిప్పు బట్టలకంటుకుని తల్లి చనిపోయింది. 1915లో రోబ్సన్ ఉపకారవేతనంతో రట్‌గర్స్ కాలేజీలో చేరాడు. అంతకుముందు అక్కడ చదివిన నల్లజాతి విద్యార్థులు ఇద్దరే. ఫుట్‌బాల్ జట్టులో చోటు కోసం మైదానంలోకి దిగిన తొలి రోజున సొంత కాలేజీ కుర్రాళ్లే ఆయన ముక్కు విరగ్గొట్టారు, కింద పడ్డవాడి చేతిని బూటుతో తొక్కి గోళ్లు ఊడేలా చేశారు. ఆ జట్టుతోనే ఆడి 1917లోనూ 1918లోనూ జాతీయ స్థాయి మేటి ఆటగాళ్లలో ఒకడిగా ఎంపికయ్యాడు. 1919లో పట్టా పుచ్చుకున్నప్పుడు తరగతి తరఫున ప్రసంగించే గౌరవమూ ఆయనకే దక్కింది.

తర్వాత కొలంబియాలో న్యాయశాస్త్రం చదివి 1923లో పట్టభద్రుడై ఒక న్యాయవాద సంస్థలో చేరాడు. అక్కడ ఒక తెల్ల స్టెనోగ్రాఫరు, నల్లవాడు చెబితే తాను రాసుకోనని తెగేసి చెప్పింది. ఆయన ఆ వృత్తిని అంతటితో వదిలేశాడు. ఆయనను రంగస్థలం వైపు మళ్లించడంలో భార్య ఎస్లాండా పాత్ర పెద్దది. ఆమె రసాయన శాస్త్రం చదివిన మనిషి. ఆయన కచేరీల లెక్కలు, ఒప్పందాలు చాలాకాలం ఆమే చూసుకుంది.

1924 మే నెలలో న్యూయార్క్‌లోని ప్రావిన్స్‌టౌన్ ప్లేయర్స్ బృందం యూజీన్ ఓనీల్ కొత్త నాటకాన్ని ప్రదర్శించింది. నల్ల లాయరు విద్యార్థికీ తెల్ల యువతికీ పెళ్లి జరగడం కథ. ఆ విద్యార్థి వేషం రోబ్సన్‌ది. అందులో ఆమె అతని చేతిని ముద్దు పెట్టుకునే ఘట్టం ఉందని తెలిసి పత్రికలు నెలల తరబడి గోల చేశాయి, బెదిరింపు ఉత్తరాలు వచ్చాయి. మొదటి రంగంలో నల్లపిల్లలూ తెల్లపిల్లలూ కలిసి ఆడుకోవాలి. నగర పాలకులు బాలనటులకు అనుమతి నిరాకరించారు. దర్శకుడు జేమ్స్ లైట్ ప్రేక్షకుల ముందుకొచ్చి ఆ రంగాన్ని చదివి వినిపించి, రెండో రంగం నుంచి నాటకం ఆడించాడు. నాటకం ఆపడానికి చట్టంలో దారి దొరకనప్పుడు అనుమతి కాగితం పేరుతో అడ్డుపడే పద్ధతి రోబ్సన్‌కు ఎదురైంది అప్పుడే. పాస్‌పోర్టు గొడవ దానికే పెద్ద రూపమని నాకనిపిస్తుంది.

ఆ మరుసటి ఏడాది లారెన్స్ బ్రౌన్ పియానో సహకారంతో నల్లజాతి భక్తిగీతాలు మాత్రమే పాడుతూ కచేరీ చేశాడు. బానిసల పాటలు కచేరీకి పనికొస్తాయా అని సందేహించిన వాళ్లే ఆ మంద్ర గళానికి లొంగిపోయారు. 1928లో లండన్‌లో ‘షో బోట్’ అనే సంగీత నాటకం ఆడుతూ ఆయన పాడిన మిసిసిపీ నది పాట ప్రపంచమంతా తిరిగింది. తర్వాతి కచేరీల్లో ఆయన ఆ పాట మాటలే మార్చేశాడు: బతుకంటే విసుగు, చావంటే భయం అని సాగే చోట, చచ్చేదాకా పోరాడుతూనే ఉంటానని పాడేవాడు. చాలా ఏళ్ల తర్వాత తాను కొలంబియాలో చదివే రోజుల్లో రోబ్సన్‌ను కలిసిన అస్సామీ గాయకుడు భూపేన్ హజారికా బ్రహ్మపుత్ర మీద కట్టిన పాటకు ప్రేరణ ఇదే.

సినిమాలు ఆయనకు పేరు తెచ్చాయి గానీ తృప్తినివ్వలేదు. 1935లో వచ్చిన ‘సాండర్స్ ఆఫ్ ద రివర్’లో ఆఫ్రికా సంస్కృతిని చూపిస్తారని నమ్మి నటిస్తే, చివరికి అది బ్రిటిష్ సామ్రాజ్యాన్ని పొగిడే చిత్రంగా తేలింది. ఆ చిత్రాన్ని ఆయన బాహాటంగానే కాదన్నాడు. (కెన్యాకు తర్వాత నాయకుడైన జోమో కెన్యాట్టా అందులో చిన్న వేషం వేశాడు.) వేల్స్ బొగ్గు గనుల నేపథ్యంలో తీసిన ‘ద ప్రౌడ్ వ్యాలీ’ ఒక్కటే ఆయన మనసుకు నచ్చింది. 1942 తర్వాత ఆయన హాలీవుడ్ ముఖం చూడలేదు. రంగస్థలం మాత్రం ఆయనను నిలబెట్టింది. 1943 అక్టోబరులో బ్రాడ్‌వేలో మొదలైన ‘ఒథెల్లో’ 296 ప్రదర్శనలు నడిచి, అక్కడ షేక్‌స్పియర్ నాటకాలన్నిటిలో రికార్డు సృష్టించింది. తెల్లవారినీ నల్లవారినీ వేరుగా కూర్చోబెట్టే థియేటర్లలో ఆ నాటకం ఆడేది లేదని ఆయన షరతు పెట్టాడు.

రాజకీయం ఆయనకు లండన్‌లో అబ్బింది. ఆకలి యాత్రగా వచ్చిన వేల్స్ గని కార్మికులు, ఆఫ్రికా విద్యార్థులు, భారత స్వాతంత్ర్యవాదులు ఆయనకు అక్కడే పరిచయమయ్యారు. 1938లో నెహ్రూ లండన్ వచ్చినప్పుడు స్వాగత సభలో మాట్లాడాడు. అదే ఏడాది యుద్ధం నడుస్తున్న స్పెయిన్ వెళ్లి సైనికుల కోసం పాడాడు. సోవియట్ యూనియన్‌లో తనను మనిషిగా చూశారన్న మాట ఆయన నోట తరచూ వచ్చేది. స్టాలిన్ పాలనలో జరిగిన ఘోరాల మీద మాత్రం ఆయన బహిరంగంగా నోరు విప్పలేదు. 1949లో మాస్కోలో తాను కలిసిన యూదు కవి ఇట్సిక్ ఫెఫెర్‌ను 1952లో కాల్చి చంపారు. 1953లో స్టాలిన్ చనిపోతే రోబ్సన్ నివాళి రాశాడు. ఆయనను ఎంత అభిమానించే వారికైనా ఇది మింగుడుపడని విషయమే.

1949 ఏప్రిల్‌లో పారిస్ శాంతి మహాసభలో ఆయన ప్రసంగాన్ని ఒక వార్తాసంస్థ వక్రీకరించి పంపింది. సోవియట్లతో యుద్ధమొస్తే అమెరికా నల్లవారు పోరాడరని ఆయన అన్నట్టు దేశమంతా పాకిపోయింది. ఆ ఆగస్టులో న్యూయార్క్ రాష్ట్రంలోని పీక్‌స్కిల్ దగ్గర ఆయన కచేరీని మూక చెదరగొట్టింది. సెప్టెంబరు 4న కార్మికులు మానవ కవచంగా నిలబడితే పాట సాగింది, తిరుగు ప్రయాణంలో శ్రోతల కార్ల మీద, బస్సుల మీద రాళ్ల వాన కురిసింది. తర్వాత హాళ్లు ఇచ్చేవాళ్లు లేరు, రికార్డులు అమ్మేవాళ్లు లేరు. ఏడాదికి లక్ష డాలర్లు దాటిన సంపాదన కొద్ది వేలకు పడిపోయింది. విదేశాల్లో మాత్రం ఆయన కోసం జనం ఎదురుచూస్తూనే ఉన్నారు. 1950 వేసవిలో విదేశాంగ శాఖ పాస్‌పోర్టు రద్దు చేయడంతో ఆ దారీ మూసుకుపోయింది. కమ్యూనిస్టును కానని ప్రమాణపత్రం మీద సంతకం పెడితే చాలన్నారు; అడిగే హక్కు ప్రభుత్వానికి లేదని ఆయన పెట్టలేదు. ఆఫ్రికా వలసల స్వాతంత్ర్యం కోసం ఆయన ఏళ్ల తరబడి పనిచేస్తున్నాడన్న సంగతిని కూడా శాఖ తన వాదనల్లో కారణంగా చూపించింది.

అప్పట్లో అమెరికా వాళ్లు కెనడా వెళ్లడానికి పాస్‌పోర్టు అక్కర్లేదు. అయినా 1952 ఆరంభంలో ఆయనను సరిహద్దు దగ్గరే ఆపేశారు. మే 18న వాషింగ్టన్ రాష్ట్రపు సరిహద్దులోని పీస్ ఆర్చ్ దగ్గర ఒక లారీని అమెరికా నేల మీదే నిలిపి, దాని మీద నిలబడి అవతలి దేశంలోని వేలాది జనానికి పాడాడు. 1957 అక్టోబరులో ఇంకో ఉపాయం దొరికింది. అట్లాంటిక్ అడుగున కొత్తగా వేసిన టెలిఫోన్ తీగ మీదుగా న్యూయార్క్ నుంచి ఆయన పాడితే, వేల్స్‌లోని పోర్త్‌కాల్ హాలులో కూర్చున్న గని కార్మికులు విని, తిరిగి ఆయనకు పాడి వినిపించారు.

ఈ మధ్యలో 1956 జూన్‌లో కాంగ్రెస్ విచారణ సంఘం ఆయనను పిలిపించింది. రష్యాలోనే ఎందుకు ఉండిపోలేదని ఒక సభ్యుడు అడిగాడు. తన తండ్రి బానిస అనీ, ఈ దేశాన్ని కట్టడానికి తన వాళ్లు ప్రాణాలిచ్చారనీ, ఇక్కడే ఉండి తన వాటా తాను తీసుకుంటాననీ రోబ్సన్ జవాబిచ్చాడు. 1958 ఏప్రిల్‌లో ఆయన అరవయ్యో పుట్టినరోజు జరపడానికి భారతదేశంలో బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎం.సి. చాగ్లా అధ్యక్షతన సంఘం ఏర్పడింది. అమెరికా దౌత్యాధికారులు చిన్నబుచ్చుకున్నా, నెహ్రూ ఆ వేడుకలను సమర్థిస్తూ సందేశం ఇచ్చాడు.

జూన్ తీర్పుతో పాస్‌పోర్టు చేతికొచ్చింది. ఆయన వెంటనే లండన్ వెళ్లాడు. 1959లో స్ట్రాట్‌ఫర్డ్‌లో మూడోసారి, 61 ఏళ్ల వయసులో, ఒథెల్లో వేషం కట్టాడు. మరుసటి ఏడాది సిడ్నీలో కడుతున్న ఒపెరా హౌస్ దగ్గర తాపీ పనివాళ్లు పరంజా మీద కూర్చుని ఆయన పాట విన్నారు. కానీ ఎనిమిదేళ్ల ఒత్తిడి లోపల తన పని తాను చేసింది. 1961లో మాస్కోలో ఆత్మహత్యకు ప్రయత్నించాడు. లండన్‌లో, తూర్పు బెర్లిన్‌లో చికిత్స పొంది 1963 డిసెంబరులో స్వదేశానికి తిరిగివచ్చాక నటనకూ కచేరీలకూ మళ్లింది లేదు. 1973లో కార్నెగీ హాలు ఆయన 75వ పుట్టినరోజు సభతో నిండిపోయింది. ఫిలడెల్ఫియాలో అక్క ఇంట్లో ఉన్న రోబ్సన్ ఆరోగ్యం బాగోలేక రాలేకపోయాడు, టేపులో మాట్లాడి సందేశం పంపాడు. పోర్త్‌కాల్‌లో లాగానే అక్కడికి కూడా ఆయన గొంతు ఒక్కటే చేరింది.