'తెలుగు' అనే మాటకు 18 బైట్లు

తెలుగులో జవాబులిచ్చే చాట్‌బాట్ కోసం మాదాపూర్‌లో ఎవరైనా లెక్క వేసుకుంటే ముందుగా తగిలే చిక్కు ఖర్చుది. కృత్రిమ మేధ నమూనాలు పాఠాన్ని టోకెన్లనే ముక్కలుగా తరిగి, ముక్కల లెక్కన రుసుము వసూలు చేస్తాయి. ఒకే సంగతి ఇంగ్లిషులో కంటే తెలుగులో ఎక్కువ ముక్కలవుతుంది. దీని మూలాలు 1991 నాటివి.

ప్రపంచ లిపుల్లోని ప్రతి గుర్తుకూ ఒక సంఖ్య కేటాయించే ప్రమాణం యూనికోడ్. ఆ ఏడాది వెలువడిన దాని తొలి వెర్షన్, భారతీయ లిపుల కోసం మన దేశం చేసుకున్న ఇస్కీ ప్రమాణం 1988 నాటి అమరికను అనుసరించి, తెలుగుకు 128 స్థానాలు కేటాయించింది. గుణింతాలకూ ఒత్తులకూ విడి స్థానాలు లేవు. హల్లు, గుణింతపు గుర్తు, పొల్లు చేర్చి అక్షరాన్ని కూర్చుకోవాలి. మన లిపి స్వభావానికి అది తగిన పద్ధతే. అయితే ఆ సంఖ్యలను కంప్యూటర్లో బైట్లుగా (నిల్వకు చిన్న కొలత) రాసే యూటీఎఫ్-8 పద్ధతి మరుసటి ఏడాది రూపుదిద్దుకుంది; అందులో ఇంగ్లిషు అక్షరానికి ఒక బైటు సరిపోగా, తెలుగు గుర్తు ఒక్కొక్కదానికి మూడు కావలసి వచ్చింది. 'తెలుగు' కంటికి మూడక్షరాలే అయినా, త, ఎత్వం, ల, కొమ్ము, గ, మళ్లీ కొమ్ము అని ఆరు గుర్తులై, 18 బైట్లు తీసుకుంటుంది.

అయితే నేరమంతా బైట్ల మీదికి నెట్టడం సగం నిజమే. టోకెన్లు చేసే పద్ధతి తరచుగా కనిపించే బైట్లను జతకట్టి పెద్ద ముక్కలు చేస్తుంది. నమూనాకు నేర్పడానికి వాడే శిక్షణ పాఠంలో తెలుగు అరుదైతే ఆ జతలు కుదరవు. తెలుగు అరుదు కావడంలో మన ఫాంట్ల పాత్ర తక్కువేమీ కాదు. విండోస్ ఎక్స్‌పీతో 2001లో గౌతమి ఫాంటు వచ్చేదాకా మామూలు కంప్యూటర్లో యూనికోడ్ తెలుగు కనిపించడమే కష్టం కాబట్టి, పత్రికలు ఎవరి ఫాంటు వారు చేయించుకుని, రోమన్ అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు పేర్చుకున్నాయి. ఫాంటు ఉంటే వార్త, లేకపోతే అర్థంలేని రోమన్ అక్షరాల గుట్ట. అవసరానికి చేసిన పనిని తప్పుపట్టలేం గానీ, యూనికోడ్ అందుబాటులోకి వచ్చాక కూడా ఏళ్ల తరబడి అదే పద్ధతిని పట్టుకు వేలాడినందుకు సెర్చ్ ఇంజిన్లకూ, నమూనాల శిక్షణకూ అందకుండా పోయిన పాఠం చాలా ఉంది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా ఈ లోటును కొంత పూడ్చింది. (యూనికోడ్‌తో చిక్కులన్నీ తీరాయని కాదు: 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అనే అక్షరం, మధ్యలో కంటికి కనిపించని ఒక గుర్తుతో సహా వస్తే, ఐఫోన్ యాప్‌లు కుప్పకూలేవి.)

2024 మేలో జీపీటీ-4ఓ అనే నమూనాను విడుదల చేస్తూ, చాట్‌జీపీటీ తయారీ సంస్థ ఓపెన్‌ఏఐ చూపిన ఉదాహరణలో, పాత టోకెన్ల పద్ధతిలో 159 టోకెన్లయ్యే తెలుగు పాఠం కొత్త పద్ధతిలో 45కి తగ్గింది. అదే పాఠం ఇంగ్లిషులో 27 నుంచి 24కి వచ్చింది. దాదాపు ఆరు రెట్ల తేడా రెండు రెట్ల లోపుకు దిగిందన్నమాట. పాత ఫైళ్ల సంగతి వేరు. యూనికోడ్ కాని అను ఫాంట్లతో, పేజ్‌మేకర్ అనే పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్‌లో చేసిన పుస్తకాలు హైదరాబాద్ డీటీపీ కేంద్రాల్లో ఇంకా ఉన్నాయి. వాటిని యూనికోడ్‌లోకి మార్చాక, తారుమారైన ఒత్తులను ఎవరో ఒకరు కూర్చుని పేజీ పేజీ సరిచేయాల్సిందే.