హ్యాండ్ బ్రేకు బిగిస్తే సరిపోతుందా? వెనక డ్రమ్ముల మీద అపోహలు - వాస్తవాలు

ఒంగోలులో మా షెడ్డుకు వచ్చే పాత బండ్లు చాలావాటిలో డిక్కీ తీస్తే ఒక రాయి ఉంటుంది. చీమకుర్తి గ్రానైటు ముక్క. బండి ఆపగానే దిగి టైరు కింద పెట్టడానికి. "హ్యాండ్ బ్రేకు పట్టడం లేదన్నా, కేబుల్ కాస్త బిగించు, ఐదు నిమిషాల పని" అంటారు. నేను రోజూ వినే అపోహ ఇదే.

మారుతీ 800 లాంటి చాలా బండ్లలో హ్యాండ్ బ్రేకుకు వేరే బ్రేకంటూ ఏమీ లేదు, ఆ కేబుల్ లాగేది వెనక డ్రమ్ములో, అంటే చక్రంతో పాటు తిరిగే గిన్నెలాంటి దానిలో, లోపలి నుంచి దానికి ఒత్తుకునే షూలనే. షూ మీద లైనింగ్, అంటే రాపిడి పొర, అరిగేకొద్దీ దానికీ డ్రమ్ముకీ మధ్య ఖాళీ పెరుగుతుంది. ఆ ఖాళీ తగ్గించకుండా కేబుల్ బిగిస్తే, డ్రమ్ములోపల ఆనుకుని ఉండాల్సిన లివర్ ఎప్పుడూ సగం లాగిన స్థితిలోనే ఉండిపోతుంది. అరుగుదలకు తగ్గట్టు షూలను తానే డ్రమ్ముకు దగ్గర చేసే ఆటోమేటిక్ అడ్జస్టర్ ఉన్న బండి అయితే అదీ సరిగ్గా పనిచేయదు. రెండు నెలలకు మళ్లీ వస్తారు, మళ్లీ బిగించమంటారు, చివరికి కేబుల్‌కు బిగించడానికి మర ఉండదు. అందుకే ముందు కేబుల్ వదులు చేసి, తర్వాత షూలు దగ్గర చేసి, కేబుల్ సంగతి ఆఖర్న చూడాలి. షూలు కుదిరాక చాలాసార్లు కేబుల్‌ను ముట్టుకోవాల్సిన పనే ఉండదు. ముట్టుకోలేదంటే కస్టమర్ నమ్మడు, అది వేరే సంగతి.

ఇంకోటి, పెడల్ కిందికి పోతే ఎయిర్ పట్టిందనుకుని బ్రేకాయిల్ పోసి ఎయిర్ తీయించడం. ఆయిల్ పోసేముందు పెడల్‌ను కాలితో ఒకసారి అడగండి. మొదటి తొక్కుకు కిందికి పోయి, వెంటనే రెండో తొక్కుకు పైకొచ్చి గట్టిగా ఆగితే అది ఎక్కువగా షూల ఖాళీ. మెత్తగా స్పాంజిలా ఉంటే ఎయిర్. గట్టిగా నొక్కి పట్టుకున్నప్పుడు మెల్లగా దిగిపోతూ ఉంటే, బయట ఎక్కడా కారకపోతే, పెడల్ తొక్కితే ఆయిల్‌ను నెట్టే మాస్టర్ సిలిండర్‌ను అనుమానించాలి. ఈ మూడూ వేరు వేరు రోగాలు, ఒకటే మందు వేస్తే ఎలా?

"ఎంత టైట్‌గా ఉంటే అంత పట్టు" అనే మాట మాత్రం ప్రమాదం. షూ ఎప్పుడూ రాసుకుంటూ ఉంటే డ్రమ్ము వేడెక్కుతుంది, లైనింగ్ మీద గాజులా మెరుపొచ్చి పట్టు తగ్గుతుంది, వేడి మరీ ఎక్కువైతే షూలను నెట్టే వీల్ సిలిండర్లో ఆయిల్ మరిగి ఆవిరవుతుంది. డాట్ 3 రకం బ్రేకాయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా తట్టుకోవాలి, తేమ పట్టాక ఆ హద్దు 140కి పడిపోతుంది. అలాంటి బండి వేసుకుని దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ ఎక్కి దిగేవాళ్లను చూస్తే నాకు టెన్షన్. ఒక పది కిలోమీటర్లు పోయి ఆగినప్పుడు అరచేయి వెనక చక్రాలకు దగ్గరగా పెట్టి చూడండి, తగిలించొద్దు. ఒకవైపు సెగ ఎక్కువగా కొడితే ఆ వైపు పట్టేసుకుంటోంది.

ఎంత టైటు పెట్టాలంటే చెప్తా. ఆ రాయి ఇక్కడ పనికొస్తుంది, ముందు టైర్లకు రెండువైపులా అడ్డం పెట్టి, హ్యాండ్ బ్రేకు దించి, గేరు న్యూట్రల్లో ఉంచి, వెనక లేపి స్టాండ్ల మీద కూర్చోబెట్టండి. ఒట్టి జాకీని నమ్మొద్దు. షూల ఖాళీ సరిచేయడానికి పళ్ల చక్రం ఉన్న రకం అయితే బ్యాక్ ప్లేటు, అంటే డ్రమ్ము వెనక రేకు, రంధ్రంలోంచి స్క్రూడ్రైవర్ పెట్టి ఒక్కో పన్ను తిప్పుతూ రెండో చేత్తో టైరు తిప్పుతుంటే, మొదట ఏమీ వినపడదు, తర్వాత సర్ర్ సర్ర్ మని ఒకచోట రాసుకుంటుంది, ఆ తర్వాత టైరు ఆగిపోతుంది. అక్కడి నుంచి పన్ను పన్నుగా వెనక్కి, టైరు స్వేచ్ఛగా తిరిగి ఎక్కడో ఒకచోట సన్నగా రాసీ రాయనట్టు వినపడేదాకా. ఇక్కడే చాలామంది పని అయిపోయిందనుకుంటారు. పెడల్ ఒకసారి గట్టిగా తొక్కి మళ్లీ తిప్పి చూడండి, షూలు నడిమికి సర్దుకుని లెక్క మారిపోయి ఉంటుంది, మళ్లీ సరిచేయాల్సి వస్తుంది. జీపుల్లో రెండు వెనక చక్రాలకు శక్తి పంచే డిఫరెన్షియల్ బరువు కూడా చేతికి తెలుస్తుంది, అది బ్రేకు రాపిడి అనుకుని మరీ వదులు చేసేయకండి. కొన్ని పాత జీపులకు పళ్ల చక్రం ఉండదు, ప్లేటు వెనక బోల్టు తల పానాతో తిప్పాలి.

ఆటోమేటిక్ అడ్జస్టర్ ఉంది కదా, ఇంక చూడక్కర్లేదు అంటారు. కొత్తపట్నం వైపు, రొయ్యల చెరువుల మీద తిరిగే బండ్ల డ్రమ్ములు విప్పితే ఆ అడ్జస్టర్ తుప్పుపట్టి కదలకుండా ఉంటుంది, ఉప్పు గాలి మరి. పని నేర్చుకునే రోజుల్లో నేనే ఒక పాత వ్యానుకు ఎడమ పళ్ల చక్రం కుడికి, కుడిది ఎడమకి బిగించాను. ఎడమ, కుడి మరలు వ్యతిరేక దిశల్లో ఉంటాయని తెలియదు. బ్రేకు వేసినప్పుడల్లా షూలు దగ్గరకు రావాల్సింది దూరం జరిగాయి, వారానికే పెడల్ నేలకు తాకుతోందని తిరిగొచ్చింది. ఆయన తిట్టిన తిట్లు ఇప్పటికీ గుర్తున్నాయి. అప్పటి నుంచి ఒకవైపు పూర్తిగా బిగించాకే రెండోవైపు విప్పుతాను.

డ్రమ్ము రాకపోతే సుత్తితో బాదొద్దు. లోపల అంచు కట్టి షూకి తగులుకుని ఉంటుంది, అడ్జస్టర్ వెనక్కి తిప్పితే వస్తుంది. ఆటోమేటిక్ రకంలో చిన్న మీట అడ్డుంటుంది, దాన్ని సన్నటి స్క్రూడ్రైవర్‌తో పక్కకు నెట్టి పట్టుకుంటేనే చక్రం వెనక్కి తిరుగుతుంది. లోపలి దుమ్మును గాలి కొట్టి ఊదొద్దు, నోటితో అసలే వద్దు. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, తడిగుడ్డతో తుడవండి. ఆయిల్ తాగిన షూ పెట్రోలుతో కడిగితే బాగవుతుందన్నది కూడా ఉత్తిదే. కారేది ముందు ఆపి, రెండువైపులా షూలు మార్చాల్సిందే.

పని అయ్యాక బ్యాక్ ప్లేటు రంధ్రానికి రబ్బరు మూత పెట్టడం మర్చిపోవద్దు, నా దగ్గరకొచ్చే పది బండ్లలో ఒక్కదానికి ఉంటే గొప్ప. మూత లేని బండి చీమకుర్తి రోడ్డులో టిప్పర్ల వెనక తిరిగితే డ్రమ్ములో గ్రానైటు పొడి పేరుకుంటుంది, బ్రేకు వేసినప్పుడల్లా గరగర మంటుంది.